రొట్టె చేసే చేయి, కుంచె పట్టిన చేయి: పనిలో ఉన్న మిమ్మల్ని మీరే గీసుకోవడం ఎలా

చిత్రకారులు తమ బొమ్మ తామే గీసుకోవడం ఎప్పటినుంచో ఉంది. అందులో ఒక రకం నాకు అన్నిటికంటే ఇష్టం. గీసే మనిషి ఈజిల్ (కాన్వాస్ నిలబెట్టే స్టాండు) ముందు కూర్చుని ఉంటారు. ఈజిల్ మీద సగం పూర్తయిన బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మలో రాజులూ దేవుళ్లూ ఉండరు, రోజూ మన కళ్లముందు తిరిగే మనిషి ఒకరు తన పని చేసుకుంటూ కనిపిస్తారు. ఒకే కాన్వాస్ మీద ఇద్దరు, ఇద్దరి చేతుల్లోనూ పని. ఇలాంటి బొమ్మ మొదలుపెట్టిన దగ్గరనుంచి వార్నిష్ దాకా ఎలా చేయాలో ఇక్కడ చెప్తాను. ఆయిల్ కలర్స్ కొంత అలవాటు ఉండి, మామూలు పోర్ట్రెయిట్లు వేసినవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. ఉదాహరణగా మన పాలమూరు ఇళ్లలోని దృశ్యమే తీసుకున్నాను: పొయ్యి ముందు కూర్చుని అమ్మ జొన్న రొట్టెలు చేయడం.

ముందు ఒక పాత బొమ్మను నింపాదిగా చూడండి

యూడిత్ లైస్టర్ అని డచ్ చిత్రకారిణి. హార్లెం ఊళ్లో 1609లో పుట్టింది. సుమారు 1630లో తన బొమ్మ తాను వేసుకుంది. అది ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది, ఫోన్‌లో వెతికితే పెద్ద సైజులో దొరుకుతుంది. ఆమె కుర్చీలో కూర్చుని, పని మధ్యలో మనవైపు తిరిగి, ఏదో చెప్పబోతున్నట్టు పెదాలు కొంచెం విప్పి ఉంటుంది. ఒక చేతిలో పాలెట్ (రంగులు కలుపుకునే పలక), బోలెడన్ని బ్రష్షులు. ఇంకో చేతిలో ఒక బ్రష్షు. వెనకాల ఈజిల్ మీద నవ్వుతూ ఫిడేలు వాయించే మనిషి. ఆమె బ్రష్షు పట్టిన చేయీ, ఆ మనిషి కమాను పట్టిన చేయీ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ రెండు చేతుల్నీ చాలాసేపు చూడండి. ఈ గైడ్‌లో నేను చెప్పబోయేదంతా అక్కడే ఉంది.

ఇంకో సంగతి. పరారుణ కిరణాలతో పరీక్షిస్తే ఆ ఫిడేలు మనిషి కింద ముందుగా వేసిన ఒక అమ్మాయి ముఖం బయటపడింది. అంటే ఈజిల్ మీద ఏ బొమ్మ ఉండాలో లైస్టర్ పని మధ్యలో మార్చుకుంది. ఈ మార్పువల్ల తను పోర్ట్రెయిటూ వేయగలదు, రోజువారీ జీవితమూ వేయగలదు అని ఒకే బొమ్మలో చూపించినట్టయింది. 1633లో ఆమె హార్లెం చిత్రకారుల సంఘంలో సభ్యురాలైంది. చనిపోయాక మాత్రం ఆమె పేరు మరుగున పడింది. 1893లో ఒక పరిశోధకుడు తేల్చేదాకా ఆమె బొమ్మల్లో చాలావాటిని ఆ ఊరి ప్రసిద్ధ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ వేసినవని అనుకున్నారు. తన పనిని తనే బొమ్మలో పెట్టుకోవడం ఎంత అవసరమో నాకు ఇక్కడే బాగా అర్థమవుతుంది.

దృశ్యాన్ని ఎంచుకోవడం

మీకు దగ్గరగా తెలిసిన పనిని తీసుకోండి. పుట్టపాక, పోచంపల్లి వైపు ఇళ్లలో పుట్టినవాళ్లకు చిటికి కట్టడం (రంగు అంటకుండా నూలుకు ముడులు వేయడం), ఆసు పోయడం (నూలును వరుసగా చుట్టడం) ఇంట్లోనే కనిపిస్తాయి. నారాయణపేట, గద్వాల వాళ్లకు మగ్గం ఉంది. నల్లగొండ వైపు బత్తాయి కాయలు ఏరి కుప్పలు పోసే మనుషులున్నారు. ఏలే లక్ష్మణ్ లాంటి చిత్రకారుడు అప్పటి నల్లగొండ జిల్లాలోని కదిరేనిగూడెం నుంచి వచ్చి, తెలంగాణ పల్లె మనుషుల ముఖాలతోనే పేరు తెచ్చుకున్నారు. కాబట్టి ఇవి బొమ్మకు పనికొస్తాయా అన్న అనుమానం అక్కర్లేదు.

ఎంచుకునేటప్పుడు ఒక్కటే చూడండి: ఆ పనిలో చేతులు స్పష్టంగా కనిపిస్తాయా? మగ్గం అందంగా ఉంటుంది కానీ దారాలూ కర్రలూ ఎక్కువ. చిన్న కాన్వాస్ లోపల ఇంకా చిన్న కాన్వాస్‌లో అవన్నీ ఇరుకైపోతాయి. చిటికి కట్టే వేళ్లు మాత్రం బాగా కుదురుతాయి. రొట్టెలు చేయడం ఇంకా మేలు. ఒక మనిషి, ఒక పొయ్యి, ఒక పెంక, రెండు చేతులు. అంతే.

రొట్టె పనిలోనూ ఏ క్షణమన్నది ముఖ్యం. జొన్న పిండిలో గోధుమకు ఉండే సాగుడు ఉండదు, అందుకే వేడి నీళ్లు పోసి పిసుకుతారు. తర్వాత అరచేత్తో కొట్టుకుంటూ గుండ్రంగా పలచన చేస్తారు, పెంక మీద వేస్తారు, పైన తడి చేత్తో నీళ్లు రాస్తారు, తిప్పుతారు, చివరికి నిప్పుల మీద కాలిస్తే పొంగుతుంది. కొట్టేటప్పుడు చేయి మరీ వేగంగా కదులుతుంది, బొమ్మలో అది గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుంది. తిప్పడం రెప్పపాటులో అయిపోతుంది. నీళ్లు రాసే క్షణం చాలా మంచిది. చేయి విప్పుకుని ఉంటుంది, పెంక మీదుగా నెమ్మదిగా జారుతుంది, ఆవిరి లేస్తుంది. పైగా తడి చేత్తో ఒక గుండ్రటి పలక మీద పూత పూస్తున్నట్టే ఉంటుంది ఆ కదలిక. మీరు కాన్వాస్ మీద చేసేదీ అదే.

మీ ఇంటి మనిషి కాకుండా వీధి పక్కన రొట్టెలు అమ్మే ఆమెను గీయాలనుకుంటే ముందు అడగండి. "అక్కా, నువ్వు రొట్టెలు చేస్తుంటె బొమ్మ గీసుకుంట, ఏమనుకోవు గద?" అంటే చాలు. బేరం ఎక్కువగా ఉండే వేళ కాకుండా పొయ్యి అంటించే వేళకు వెళ్లండి. దొంగతనంగా ఫోన్‌లో ఫొటో కొట్టి వచ్చి వేసిన బొమ్మలో ఆ దూరం కనిపిస్తుంది. పుస్తకం పెట్టుకుని పక్కన కూర్చుని గీస్తే కాసేపటికి ఆమె మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తుంది. అసలైన భంగిమ అప్పుడు దొరుకుతుంది. స్కెచ్‌లు రెండు మూడు రోజులు వేయండి. ఒకరోజు చేతులు, ఒకరోజు కూర్చున్న తీరు, ఒకరోజు పొయ్యీ గిన్నెలూ.

ఎక్కడ కూర్చోవాలి, ఎటు చూడాలి

ఈ బొమ్మకు ప్రాణం ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

బొమ్మ చూసేవాళ్లు ఎక్కడ నిలబడి ఉన్నారన్నది మీరు తేల్చుకోవాలి. మీరు పని మధ్యలో తల తిప్పి బయటికి చూస్తున్నారంటే ఎవరిని చూస్తున్నట్టు? మీరు ఎవరి బొమ్మ గీస్తున్నారో ఆ మనిషినే. అంటే రొట్టెలు చేసే అమ్మ కూర్చున్న చోటే, బొమ్మ చూసేవాళ్లు ఉన్న చోటు. ఈ ఒక్క నిర్ణయంతో అన్నీ వరుసగా తేలిపోతాయి. ఆమె నేల మీద కూర్చుని ఉంది. మీరు నిలబడి గీస్తే మీ చూపు పైనుంచి ఆమె మీద పడుతుంది. ఆమె వైపునుంచి చూస్తే మీ గడ్డం కింది భాగం, ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి. ఒక పెద్దమనిషి పేదరాలిని చూస్తున్నట్టు అయిపోతుంది బొమ్మ. నాకది నచ్చదు. మీరూ కిందే కూర్చోండి, లేదా పీట వేసుకోండి. ఈజిల్ కాళ్లు దించండి, కుదరకపోతే కాన్వాస్‌ను గోడకు ఆనించిన కుర్చీ మీద పెట్టండి. మీ కళ్లూ ఆమె కళ్లూ ఒకే ఎత్తులోకి వస్తే, రెండు పనులూ సమానమని మాట అక్కర్లేకుండానే తెలుస్తుంది.

చూపు, బ్రష్షు మొన ఒకదానికొకటి కుదరాలి. కళ్లు బయటికి చూస్తుంటే మొన కాన్వాస్‌కు దూరంగా ఉండాలి. మొన కాన్వాస్‌ను తాకుతుంటే కళ్లు అక్కడే ఉండాలి. ఎటో చూస్తూ గీసేవాళ్లు ఉండరు.

బట్టల సంగతి. లైస్టర్ పెద్ద లేసు కాలర్ వేసుకుని కూర్చుంది. రంగులు పూసేటప్పుడు ఎవరూ అలా వేసుకోరు. తన హోదా చూపించుకోవడానికి అది ఆమెకు కావాలి. మీకు ఏది కావాలో మీరే చెప్పుకోండి. రొట్టెలు చేసే అమ్మ కొంగు నడుముకు దోపుకుని ఉన్నప్పుడు మీరు ఇస్త్రీ చొక్కాలో కుదరరు. చేతులు మడిచిన పాత చొక్కా, భుజం మీద తువ్వాల చాలు.

అద్దం

మన ఇళ్లలో బీరువా అద్దం నిలువెత్తు ఉంటుంది కానీ దాన్ని కదిలించలేం. కింద కూర్చుని గీయాలి కాబట్టి రెండున్నర, మూడు అడుగుల విడి అద్దం ఒకటి తెచ్చుకోండి. మీ కళ్ల ఎత్తుకు వచ్చేలా నిలబెట్టి, వెనక ఇటుక పెట్టి కదలకుండా చేయండి. నేల మీద పీట ఎక్కడుందో, ఈజిల్ కాళ్లు ఎక్కడున్నాయో సుద్దముక్కతో గీతలు పెట్టుకోండి. మర్నాడు ఒక బెత్తెడు పక్కకు కూర్చున్నా ముఖం కోణం మారిపోతుంది.

అద్దం మీద మీ ముఖం చుట్టూ మార్కర్‌తో గీసి కొలవండి. అది అసలు ముఖంలో సరిగ్గా సగం ఉంటుంది. మీరు దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా అంతే. 24 × 30 అంగుళాల కాన్వాస్‌కు ఈ సగం సైజు తల బాగా సరిపోతుంది, కాబట్టి ఆ కొలతలనే నేరుగా వాడుకోవచ్చు.

అద్దంలో కుడిచేయి ఎడమచేయిలా కనిపిస్తుందన్నది అందరికీ వచ్చే టెన్షన్. దీనికి తేలికైన ఉపాయం ఉంది. కుడిచేత్తో గీసేవాళ్లు మోడల్‌గా ఎడమచేతిలో ఇంకో బ్రష్షు పట్టుకుని అద్దం ముందు కూర్చోవాలి. అద్దంలో అది కుడిచేతిలా కనిపిస్తుంది, అలాగే గీసేయడమే. పని చేస్తున్న చేయి కదులుతూ ఉంటే గీయడం ఎలా అన్న సమస్యా దీంతోనే తీరుతుంది, ఎందుకంటే ఎడమచేయి కదలకుండా పట్టి ఉంచవచ్చు. ఒకటే జాగ్రత్త. ఎడమచేతికి బ్రష్షు పట్టడం అలవాటుండదు, వేళ్లు బిగుసుకుంటాయి. మీ కుడిచేయి ఎలా పట్టుకుంటుందో ముందు చూసుకుని ఎడమచేయిని అలా మలచండి. రెండు అద్దాలను లంబకోణంలో కలిపితే కుడిఎడమలు మారకుండా కనిపిస్తాయి కానీ అతుకు సరిగ్గా ముఖం మధ్యలో పడుతుంది. నేనైతే వద్దంటాను.

కూర్పు

అగ్గిపెట్టెంత చిన్న డబ్బాల్లో పది పన్నెండు కూర్పులు గీయండి. ముఖాలు వద్దు, ముదురు, నడిమి, లేత ముద్దలు చాలు. లోపలి కాన్వాస్ మొత్తం బొమ్మలో మూడోవంతు లోపు ఉంటే మేలు. సగం అయితే అది మిమ్మల్ని తినేస్తుంది, మరీ చిన్నదైతే గోడకు తగిలించిన క్యాలెండర్ లాగా పక్కకు పోతుంది. మీ బ్రష్షు చేయి, ఆమె నీళ్లు రాసే చేయి ఒకే వాలులో పడేలా చూడండి. దగ్గరగా ఉండాలి కానీ తగలకూడదు. చూసేవాళ్ల కన్ను ఒక చేతినుంచి ఇంకో చేతికి పోవాలి, ఆ తర్వాతే ముఖానికి రావాలి.

లోపలి కాన్వాస్‌ను గీయడం

ఈజిల్ మీది కాన్వాస్ మనకు ఏటవాలుగా కనిపిస్తుంది. దగ్గరి నిలువు అంచు పొడవు, దూరపు అంచు పొట్టి. దాని మీది బొమ్మ కూడా అలాగే కుదించుకుపోవాలి. చాలామంది అంచులు సరిగ్గా గీసి, లోపలి మనిషిని మాత్రం ఎదురుగా చూసినట్టు వేసేస్తారు. అప్పుడు ఆమె బొమ్మలోంచి బయటికి వచ్చి తేలుతున్నట్టుంటుంది.

మొదట రొట్టెల దృశ్యాన్ని విడి కాగితం మీద ఎదురుగా, పూర్తిగా గీయండి. నిలువుగా నాలుగు, అడ్డంగా నాలుగు గళ్లు వేయండి. ఇప్పుడు పెద్ద కాన్వాస్ మీద ఏటవాలు చతుర్భుజం గీసి, మూలనుంచి మూలకు రెండు కర్ణాలు గీయండి. అవి కలిసే చోటే దూరాన్ని లెక్కలోకి తీసుకున్న అసలు మధ్య. అక్కడ నిలువు గీత గీస్తే సగాలు వస్తాయి. ఒక్కో సగంలో మళ్లీ కర్ణాలు గీస్తే పావులు వస్తాయి. ఎడమ, కుడి అంచులను నాలుగేసి సమభాగాలు చేసి కలిపితే అడ్డగళ్లూ తయారు. తర్వాత గడి గడిగా దించుకోవడమే. పెంక గుండ్రం ఇక్కడ కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది, దాన్ని ప్రత్యేకంగా చూసుకోండి.

వెలుగు

చిత్రకారులు ఉత్తరపు వెలుగు కావాలంటారు, ఎండ నేరుగా పడదు కాబట్టి. మన దగ్గర అది ఏడాది పొడవునా నిజం కాదు. మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నాయి. మే మొదటి పదిరోజుల్లో సూర్యుడు నడినెత్తిన దాటి ఉత్తరానికి పోయి, ఆగస్టు మొదటివారంలో మళ్లీ వెనక్కి వస్తాడు. ఆ మధ్యకాలంలో ఉత్తరపు కిటికీలోకి పొద్దున, సాయంత్రం నేరుగా ఎండ వస్తుంది. ఈ బొమ్మ అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. అప్పుడు ఉత్తరం వైపు తెరిచిన వరండాలో గంటలకొద్దీ ఒకే వెలుగు ఉంటుంది. వేసవిలోనే వేయాలంటే కిటికీకి తెల్ల ధోవతి అడ్డం కట్టండి.

ఇప్పుడు చాలా ముఖ్యమైన మాట. లోపలి దృశ్యంలో పొయ్యి మంట ఉంది. ఆ వెలుగు లోపలి కాన్వాస్ అంచు దాటి రాకూడదు. అది రంగు, మంట కాదు. మీ చెంప మీద దాని నారింజ ఛాయ పడితే బొమ్మ మొత్తం అబద్ధమైపోతుంది. అలాగే మీ మీద పడే కిటికీ వెలుగు లోపలి కాన్వాస్ మీదా పడాలి. తడి రంగు మీద చిన్న మెరుపు, ఈజిల్ కర్ర నీడ, మీ చేయి నీడ వేస్తే అదొక వస్తువని తెలుస్తుంది.

బొమ్మలో బొమ్మ అని తెలియడానికి ఇంకొన్ని మార్గాలున్నాయి. నలుపునుంచి తెలుపుదాకా తొమ్మిది మెట్లు అనుకుంటే, మీకు తొమ్మిదీ వాడండి, లోపలి దృశ్యానికి మూడోది నుంచి ఏడోదాకా మాత్రమే. మీ ముఖంలో అంచులు కలిసిపోవాలి, లోపలి ముఖంలో బ్రష్షు గీతలు తెలియాలి. ఒక మూల పూర్తి చేయకుండా వదలండి. నేనైతే పొయ్యి కింది భాగం, చీర అంచు గీతల్లోనే వదిలేయమంటాను. చేతులు మాత్రం పూర్తయి ఉండాలి, ఎందుకంటే బొమ్మలోని చిత్రకారుడు ముందు వాటినే పూర్తి చేశాడు.

రంగులు

టైటానియం వైట్, యెల్లో ఓకర్, బర్న్ట్ సియన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ, ఒక మంచి ఎరుపు, క్రిమ్సన్. ఇవి చాలు. ఫ్లెష్ టింట్ అని రాసిన ట్యూబు కొనొద్దు, అది మన ఒంటి రంగు కాదు. బర్న్ట్ సియన్నా, యెల్లో ఓకర్ కలిపి, అల్ట్రామెరైన్‌తో తగ్గించుకుంటూ రండి. మన చర్మం మీద మెరుపు తెల్లగా ఉండదు, ఆకాశం వెలుగు పడిన చోట కొంచెం నీలంగా, చల్లగా ఉంటుంది. తెలుపు ఎక్కువ కలిపితే ముఖం బూడిద పూసినట్టవుతుంది. వెలుగు కావాలన్న చోట తెలుపుకంటే ముందు ఓకర్ వైపు వెళ్లండి.

తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టకండి. బర్న్ట్ సియన్నాను బాగా పలచన చేసి మొత్తం పూయండి. మన చెల్క నేల రంగు వస్తుంది. ముదురూ లేతా రెండూ దాని మీద త్వరగా తెలుస్తాయి. లోపలి కాన్వాస్ ఉన్న చోట మాత్రం లేత రంగు పూయండి, ఎందుకంటే కథ ప్రకారం అది వేరే కాన్వాస్.

నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులు వాడేవాళ్లకు మన వేసవి కష్టం, పాలెట్ మీదే గట్టిపడుతుంది. తడి స్పాంజి మీద బటర్ పేపర్ పరిచి దాని మీద రంగులు పెట్టుకోండి.

వేసే క్రమం

బర్న్ట్ అంబర్‌ను టర్పెంటైన్‌తో పలచన చేసి నీడలన్నీ వేయండి. ఇది ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. తర్వాత పొరల్లో నూనె క్రమంగా పెరగాలి. నూనె ఎక్కువున్న పొర మీద నూనె తక్కువున్న పొర వేస్తే కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయి.

ముందు వెనక గోడ, తర్వాత లోపలి దృశ్యం, తర్వాత మీ ఒళ్లు, బట్టలు. చివరికి మీ ముఖం, అన్నిటికంటే చివర బ్రష్షు పట్టిన చేయి. ముఖం ముందే వేస్తే దానికి తగ్గట్టు మిగతాదంతా మార్చాలనిపిస్తుంది, బొమ్మ మామూలు పోర్ట్రెయిట్ అయిపోతుంది. లోపలి దృశ్యం సరిగ్గా రాలేదనిపిస్తే లైస్టర్‌లా మార్చేయండి. ఆరిన పొర మీద లేత రంగు పూసి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఆమె చేయి వేసేటప్పుడు మీ పాత స్కెచ్‌లు చూడండి, ఫొటో కాదు. మణికట్టు దగ్గర గాజులు నీళ్లు రాసేటప్పుడు ముందుకు జారి, పిండి అంటుకుని ఉంటాయి. అరచేతి అంచు కింద రొట్టె ముదురుగా, తడిగా ఉంటుంది. పొడిగా ఉన్న వైపు లేతగా ఉంటుంది. ఈ తడి, పొడి తేడా ఒక్కటి పట్టుకుంటే మొత్తం కదలిక వచ్చేస్తుంది. మీ చేతిలోనూ అదే వెతకండి. బ్రష్షు మొన దగ్గర తడి మెరుపు, కర్ర మీద ఎండిన పాత రంగులు, బొటనవేలి గోరు చుట్టూ మరక. ఆమె గోళ్లలో పిండి, మీ గోళ్లలో రంగు. ఈ రెండింటినీ ఒకే శ్రద్ధతో వేయండి.

రోజూ పని ఆపేటప్పుడు నూనె తుడిచిన గుడ్డల్ని ముద్ద చేసి మూలన పడేయకండి. లిన్‌సీడ్ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ముద్దగా ఉన్న గుడ్డలు వాటంతటవే అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, బయట విడదీసి ఆరేయండి. టర్పెంటైన్ వాడే గదిలో కిటికీలు తెరిచే ఉంచండి, వంట పొయ్యికి దూరంగా పెట్టండి.

చివరి చూపు, సంతకం, వార్నిష్

బొమ్మను అద్దంలో తిప్పి చూడండి. కుడిఎడమలు మారగానే కళ్ల ఎత్తుల్లో తేడా, వాలిపోయిన ఈజిల్, కొలత తప్పిన చేయి వెంటనే తెలుస్తాయి. తర్వాత ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి, లోపలి దృశ్యం మీ ముఖం కంటే ముందుకు వస్తోందేమో చూడండి. వస్తుంటే దాని మీద పలచగా అంబర్, అల్ట్రామెరైన్ కలిపిన పొర ఒకటి పూసి వెనక్కి పంపండి. మళ్లీ వేయాల్సిన పని లేదు.

సంతకం ఎక్కడ పెట్టాలో ఆలోచించండి. పెద్ద కాన్వాస్ మూలన పెట్టొచ్చు. లోపలి కాన్వాస్ మీద మాత్రం పెట్టొద్దంటాను, ఎందుకంటే అది ఇంకా పూర్తికాని బొమ్మ.

ఆయిల్ బొమ్మకు వార్నిష్ తొందరపడి వేయకూడదు. చేతికి ఆరినట్టు తగిలినా లోపల ఇంకా ఆరుతూనే ఉంటుంది. మందంగా వేయని బొమ్మకు కనీసం ఆరునెలలు ఆగండి. ఈలోపు గోడకు తగిలించుకోవచ్చు. వంటింటి పొగ, నేరుగా ఎండ తగలని గోడ చూసుకోండి. వానాకాలంలో చెమ్మ పట్టే గోడ అయితే వెనకాల రెండు చిన్న చెక్కముక్కలు పెట్టి గాలి ఆడేలా చేయండి. వార్నిష్ వేసే రోజు గాలిదుమ్ము లేనిది, చెమ్మ లేనిది కావాలి. మన దగ్గర జనవరి, ఫిబ్రవరి నెలల మధ్యాహ్నాలు దానికి బాగుంటాయి.